నంబరున్న పొదలు

జనవరి 12
కొండ వాలు మీద నీలిపూల పొదలకి నంబర్లు కట్టడం అయిపోయింది. మొత్తం అరవై రెండు. ఈ రాళ్ల సందుల్లో తప్ప ఇంకెక్కడా బతకదు ఈ పొద. కుండీలో పెడితే నెల తిరక్కుండా చస్తుంది. పొగరుమోతు మొక్క, అందుకే నాకిష్టం. ఫొటోలో మొదలు, నంబరు బిళ్ల రెండూ స్పష్టంగా పడాలని ఒక్కోదాని చుట్టూ మూరెడు మేర గడ్డి పీకి శుభ్రం చేశాను. నడుం పడిపోయింది. సర్వే అంటే ఇలా ఉండాలి అన్నారు మా అటవీ శాఖ ఆఫీసరు గారు.

ఫిబ్రవరి 3
17 వాడింది.

ఫిబ్రవరి 9
17, 18, 22. ఆకులు మెలికలు తిరిగి ఎండుతున్నాయి. మొన్ననే వాన పడింది. పురుగూ లేదు. ఎవరో ఏదో పోస్తున్నారు.
కొండ కింద రాళ్లు కొట్టే క్రషర్ ఉంది. ఈ వాలు కూడా తవ్వుకుంటామని వాళ్లు ఎప్పట్నుంచో ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. పొదలు ఉన్నంతకాలం కుదరదన్నారు మా వాళ్లు. మరి పొదలు లేకపోతే?
ఆ క్రషర్లో సూపర్‌వైజర్ మా బావ. నేనుండేది వాళ్ల మేడ మీద గదిలో. తినేది అక్క చేతి వంట.

ఫిబ్రవరి 10
నీ నీలవేణులు ఎలా ఉన్నారు మరదలా అని అడిగాడు బావ, టిఫిన్ దగ్గర. ఎన్నడూ లేనిది ఇవాళే ఎందుకు అడిగినట్టు? బాగానే ఉన్నారు అన్నాను. తాపీగా టీ తాగుతున్నాడు. ఆ తాపీయే నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 1.10
బండ చాటున కూర్చుని రాస్తున్నాను. బావ వాలు ఎక్కుతున్నాడు. ఒక చెయ్యి జేబులో. రెండడుగులకోసారి వెనక్కి చూస్తున్నాడు. 31 పక్కన రాయి వెనక్కి వెళ్లాడు.

1.25
మూతి తుడుచుకుంటూ దిగిపోయాడు. వెళ్లి చూశాను. 31 దగ్గర అగ్గిపుల్లలు, కాస్త బూడిద.

ఫిబ్రవరి 19
31 కూడా వాడింది. అక్క అన్నం వడ్డిస్తుంటే తల ఎత్తలేకపోయాను. ఇంట్లో తింటూ ఇంటి మనిషి మీదే నిఘా. కానీ నేనేం చెయ్యను? ఛీ, ఏం మనిషి ఈయన.

ఫిబ్రవరి 20
ఆఫీసులో రాసిచ్చేశాను. తేదీ, టైము, పేరు.

మార్చి 1
కేసు మెడకి చుట్టుకుంటుందని క్రషర్ వాళ్లు బావని ఉద్యోగంలోంచి తీసేశారు. సిగరెట్ కాల్చుకోవడానికి వెళ్లానని విచారణలో చెప్పాడట. మానేశానని అక్కకి ఒట్టేసి రెండేళ్లయింది కదా, అందుకని దొంగచాటుగా కొండెక్కేవాడట. అందరూ నవ్వారట. నాకూ నవ్వొచ్చింది. ఇంకాస్త మంచి సాకు దొరకలేదా?
ఫిర్యాదు ఇచ్చింది నేనని అక్కకి తెలీదు. బావకి తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఏదో ఎత్తు వేస్తున్నాడు.

మార్చి 8
బావ గడప దాటడం లేదు. ఉద్యోగం కోసం ఫోన్లు చేస్తూ హాల్లోనే కూర్చుంటున్నాడు. అయినా ఈ వారంలో ఐదు పోయాయి. అంటే ఇంకెవరితోనో చేయిస్తున్నాడు.

మార్చి 14
మొక్కల డాక్టరమ్మ అని మేం పిలిచే పెద్దావిడ ఆఫీసు తరఫున వచ్చింది. 31ని తవ్వి వేళ్లు చూపించింది. వాటి మీద చిన్న చిన్న బుడిపెలు. ఈ పొదకి సొంతంగా సరిపడా నీళ్లు తాగడం రాదట. గడ్డి వేళ్లకి ఆ బుడిపెలతో అతుక్కుని వాటి నీళ్లు తాగుతుందట. గడ్డి తీసేస్తే పొదకి పీక నొక్కినట్టేనట.
తర్వాత పక్క వాలుకి తీసుకెళ్లింది. అక్కడ నేనింకా నంబర్లు కట్టలేదు. మోకాలి దాకా గడ్డి. మధ్యలో పొదలు విరగబూసి ఉన్నాయి.
మరి 31 చుట్టూ గడ్డి పీకిందెవరు అని అడిగింది.
తెలీదండీ అన్నాను.

మార్చి 15
తెలీదా?

మార్చి 17
ఇవాళ్టికి మొత్తం ముప్ఫై నాలుగు చచ్చాయి. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క పరక మిగలకుండా, నా చేతుల్తోనే. పైగా ముచ్చటపడుతూ.
గడ్డి పీకింది నేను, మా బావ ఏ పాపం ఎరగడు అని రాసి ఆఫీసరు గారికి ఇచ్చాను. నీ కాంట్రాక్టు గురించి మాత్రం ఇక నేనేం చెప్పలేనమ్మా అన్నారు. క్రషర్‌కి ఆయనే ఫోన్ చేశారు. బావ కుర్చీలో ఆల్రెడీ వేరే మనిషి కూర్చున్నాడట.

మార్చి 19
ఆ కాగితం కాపీ బావకి ఇచ్చాను. రెండుసార్లు చదివి, మడిచి నా చేతికే ఇచ్చాడు. మీ అక్కకి చూపించకు అన్నాడు. ఉద్యోగం పోగొట్టుకున్నందుకు నన్నయితే నాల్రోజులు తిట్టి ఊరుకుంటుంది, నిన్ను మాత్రం జన్మలో క్షమించదు, తను తప్ప నీకెవరున్నారు అన్నాడు.
ఇంత మంచిగా ఎందుకు మాట్లాడుతున్నాడా అని అప్పుడు కూడా అనుమానం వచ్చింది నాకు. నా బుద్ధికి నాకే సిగ్గేసింది.

మార్చి 20, ఉదయం 6
అక్కకి చూపించాను.