గుట్ట మీద గాలి, గొంతులో జర్మన్

నల్లమాడ,
4-7-1999

చిరంజీవి హేమలతకు నీ మామ సోమప్ప దీవించి రాయునది. ఇక్కడ అందరమూ బాగున్నాము, వాన తప్ప.

నువ్వు బెంగుళూరులో సాయంత్రం పూట జర్మన్ భాష నేర్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు, ఈ పిల్లకు వేరే పని లేదా అనుకున్నాను. ఇప్పుడు నాకే దాంతో పని పడింది. మన గుట్ట మీద గాలిమర పెడతామని ఇద్దరు జర్మన్ ఇంజనీర్లు వచ్చినారు. ఒకాయన పొడుగు, ఒకాయన పొట్టి. ముందు గాలి కొలవాలని పోయిన వారం నూరడుగుల ఇనుప స్తంభం నిలబెట్టి, దాని నెత్తిన తిరిగే గిన్నెలు మూడు బిగించినారు. మధ్యవర్తి గంగాధరప్ప వాళ్ళతో ఇంగ్లీషు, నాతో తెలుగు మాట్లాడతాడు. వాళ్ళిద్దరూ మాత్రం నా ముందే జర్మన్‌లో గొణుక్కుంటారు.

"గుట్ట బాడుగకిస్తే నీ కొడుక్కు కంపెనీలో ఉద్యోగం ఇస్తామంటాండారు సోమప్పా" అన్నాడు గంగాధరప్ప. మా సురేంద్ర ఐటిఐ చదివి మూడేండ్లుగా అరుగు మీద కూర్చున్నాడు, నిజమే. అయితే ఊరికే ఉద్యోగం ఎవరిస్తారమ్మా? పైగా ఆ రెక్కలు తిరిగితే మేఘాలు చెదిరిపోతాయని ఊళ్ళో అందరూ అంటున్నారు. శనక్కాయ విత్తి పదిహేను దినాలైంది, మళ్ళీ చినుకు లేదు.

కాబట్టి వాళ్ళేమి మాట్లాడుకుంటున్నారో నాకు తెలియాలి. ఉత్తరాల్లో జర్మన్ నేర్పు.

ఇట్లు,
నీ మామ సోమప్ప

తా.క.: ఫోన్ చేయొద్దు. ఎస్‌టిడి బూత్ బసప్ప నా ఫోన్‌ను నాకంటే శ్రద్ధగా వింటాడు.

బెంగుళూరు,
10-7-1999

పూజ్యులైన మామకు హేమలత నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత సరే అనుకున్నాను. ముందు శబ్దాలు పట్టుకోండి. కదిరిలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు "ఖబర్" అనేటప్పుడు గొంతులో గీస్తారు చూడండి, అలాంటిది ఒకటుంది. పిల్లి బుసకొట్టినట్టు మెత్తగా పలికేది ఇంకొకటి. "నేను" అనాలంటే ఆ బుస కావాలి. నోరు "ఊ" అన్నట్టు సున్నా చుట్టి లోపల "ఈ" అనాల్సిన అచ్చు కూడా ఉంది, అద్దం ముందు సాధన చేయండి.

వ రాసినచోట ఒక్కోసారి ఫ అంటారు. మాట చివర డ రాస్తే ట పలుకుతుంది, బ రాస్తే ప పలుకుతుంది. గాలిని ఇంగ్లీషువాళ్ళలాగే రాస్తారు కానీ "వింట్" అంటారు.

అత్తను అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ మేనకోడలు హేమలత

తా.క.: గొంతు గీసే శబ్దం అన్నం తినేటప్పుడు సాధన చేయకండి.

నల్లమాడ,
22-7-1999

చిరంజీవి హేమలతకు మామ సోమప్ప దీవెనలు.

నీ తా.క. ఆలస్యంగా చదివినాను. అప్పటికే మీ అత్త హనుమంతమ్మ నా వీపు మీద నాలుగు గుద్దులు గుద్ది, మిరియాల కషాయం తాగించింది. "ఏమయిండాది నీకు, గొంతులో ముల్లు ఇరుక్కుండాదా" అని ఇప్పటికీ రోజూ అడుగుతోంది. జర్మన్ అని చెప్పలేను కదా. రెండు పూటలా కషాయం తాగుతున్నాను.

పైకి ఊ అనాలట, లోపల ఈ అనాలట. పైకొకటి, లోపలొకటి. రాసేది డ, పలికేది ట. కాగితం మీద ఒకటి రాసి నోటితో ఇంకోటి చెప్పేవాళ్ళకు నా గుట్ట రాసియ్యమంటాడు గంగాధరప్ప.

అక్షరాలు చాలు. ఇంక మాటలు పంపు. దండాలు, క్షేమాలు తర్వాత చూసుకుందాం. ముందు "అనుమానం", "దొంగ", "లేదు" అనే మాటలు రాయి.

ఇట్లు,
సోమప్ప

తా.క.: అద్దం ముందు సాధన చేస్తుంటే మీ అత్త చూసింది. ఈ వయసులో ఎవరికి ముద్దులు పంపుతున్నావని రెండు దినాలు మాట్లాడలేదు.

బెంగుళూరు,
1-8-1999

పూజ్యులైన మామకు హేమలత నమస్కారాలు.

అనుమానాన్ని "ఫెర్‌డాఖ్ట్" అంటారు. గొంతు గీయకుండా జర్మన్‌లో అనుమానపడటం కుదరదు. దొంగ "డీప్". ఏదైనా లేదని చెప్పడానికి దాని ముందు "కైన్" పెడతారు.

ఇక వ్యాకరణం. ప్రతి వస్తువుకూ లింగం ఉంటుంది. గాలి పుంలింగం, వాన పుంలింగం, మేఘం స్త్రీలింగం. ఆడపిల్ల మాత్రం నపుంసకం. ఎందుకని అడగకండి, మా మేడమ్‌కే తెలియదు. పెద్ద వాక్యాల్లో క్రియను చివరకు తోసేస్తారు. కొన్ని క్రియలను రెండు ముక్కలు చేసి ఒక ముక్కను మధ్యలో, రెండోదాన్ని వాక్యం కొసలో వేస్తారు. ఆఖరు మాట దాకా ఓపిక పట్టాలి, తొందరపడి అర్థం చేసుకోవద్దు.

ఇట్లు,
హేమలత

తా.క.: ఆడపిల్లను నపుంసకం చేశారని వాళ్ళను తిట్టకండి. మనం "అత్త వచ్చింది" అంటాం, "బర్రె వచ్చింది" అంటాం. అత్తకు ఇది చదివి వినిపించొద్దు.

నల్లమాడ,
20-8-1999

హేమలతకు సగం దీవెనలు. మిగతా సగం నీ జవాబు చూసి పంపుతాను.

గాలి మగవాడు, మేఘం ఆడది. మగ గాలి ఆడ మేఘాన్ని లేపుకుపోతుందని వాళ్ళ వ్యాకరణమే ఒప్పుకుంటోంది. ఊళ్ళోవాళ్ళ మాట అబద్ధం కాదన్నమాట. ఇదంతా చెప్పి కూడా ఆ జర్మన్లను తిట్టొద్దంటావు. నీకు వాళ్ళ కంపెనీలో ఉద్యోగమేమైనా ఇస్తామన్నారా? దాచకుండా రాయి.

క్రియను చివర దాచేవాళ్ళు ఇంకేమి దాస్తారో. "మీ గుట్టను మేము" అని మొదలుపెట్టి, కొంటామా, కాస్తామా, కాజేస్తామా అనేది ఆఖరున చెబుతారన్నమాట. నేను రోజూ మేకల వంకతో పోయి స్తంభం పక్కనే కూర్చుంటున్నాను. వాళ్ళు నన్ను చూస్తారు, పైకి చూస్తారు, మళ్ళీ నన్ను చూస్తారు. నేను మేకలను లెక్కబెడుతున్నట్టు తల దించుకుంటాను.

ఇట్లు,
సోమప్ప

తా.క.: నీ ఉత్తరం జిగురు ఊడి వచ్చింది. పోస్ట్‌మ్యాన్ యేసన్న మీద ఫెర్‌డాఖ్ట్.

బెంగుళూరు,
29-8-1999

మామకు హేమలత నమస్కారాలు, నిండుగానే.

నాకెవరూ ఉద్యోగం ఇవ్వలేదు. క్రియను చివర దాస్తారని కోప్పడ్డారే, మీరు రాసిన ప్రతి వాక్యంలోనూ క్రియ ఎక్కడుందో చూసుకోండి. తెలుగువాళ్ళంతా దొంగలేనా మామా?

మేఘాలు గుట్టకంటే చాలా పైన పోతాయి. ఆ రెక్కలకు అందవు. అనుమానంతో సురేంద్ర బావ ఉద్యోగం చెడగొట్టకండి. నాకు నిజంగా భయంగా ఉంది.

ఇట్లు,
హేమలత

తా.క.: ఉత్తరానికి జిగురు నేనే సరిగా పెట్టలేదు. యేసన్నకు చెప్పండి, పాపం.

నల్లమాడ,
2-10-1999

చిరంజీవి హేమలతకు మామ సోమప్ప నిండు దీవెనలు, బాకీ ఉన్న సగంతో కలిపి. ఇది చదివి చించెయ్యి. మీ అమ్మకు చూపించొద్దు.

నిన్న ఇద్దరూ వచ్చి స్తంభం కింది పెట్టె తెరిచి, మూడు నెలల గాలి లెక్క చూసుకున్నారు. నేను బండ మీద కూర్చున్నాను. పొడుగాయన తల అడ్డంగా ఊపి ఒక పెద్ద వాక్యం ఎత్తుకున్నాడు. నువ్వు చెప్పినట్టే కొసదాకా కాచుకున్నాను. నాకు చిక్కినవి రెండే మాటలు. ఒకటి "కైన్ వింట్", ఇంకోటి "చెన్నప్ప". వేలు అవతలి గుట్ట వైపు పోయింది.

"మళ్ళా వచ్చి చూస్తామంటాండారు సోమప్పా" అన్నాడు గంగాధరప్ప.

నేను లేచి నిలబడి పొడుగాయనను "కైన్ వింట్?" అని అడిగినాను. పొట్టాయన చేతిలో పెన్ను కింద పడింది. ఇంక గంగాధరప్పకు నిజం చెప్పక తప్పలేదు. "నీ గుట్టకు గాలి చాలదంట. చెన్నప్ప గుట్టకు పోతాండారు. ఉద్యోగం గూడా ఆయప్ప కొడుక్కే" అన్నాడు.

చెన్నప్ప అంటే గట్టు తగాదాలో ఇరవై ఏండ్లుగా నాతో మాట్లాడని మా దాయాది. నా గుట్టకు గాలి తక్కువంట. ఆషాఢంలో ఆ గుట్ట ఎక్కితే నడుమున పంచె నిలవదు. రెక్కలు చెన్నప్ప గుట్ట మీద తిరిగినా పోయే మేఘాలు పోతాయి, ఉద్యోగమూ పోయె. ఇంటికొచ్చి సురేంద్రకు చెప్పినాను. అన్నం ముందు నుంచి లేచిపోయినాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంక దాచి లాభం లేదు. స్తంభం నిలబెట్టిన మర్నాడే కల్లుగీసే ఈరన్నను పైకెక్కించి, ఆ గిన్నెలు తిరిగే ఇరుసుకు తుమ్మబంక పూయించినాను. గాలి లేదని తేలితే వాళ్ళంతట వాళ్ళే పోతారు, మేఘాలు మనకు మిగులుతాయి అనుకున్నాను. అప్పటి నుంచి వాళ్ళు తలెత్తి పైకి చూస్తే చాలు, గుమ్మడికాయల దొంగ మాదిరి భుజాలు తడుముకుంటున్నాను. నీ దగ్గర జర్మన్ నేర్చుకున్నది వాళ్ళ మోసం పట్టుకోడానికి కాదమ్మా. నా మోసం వాళ్ళు పట్టుకున్నారేమో కనుక్కోడానికి.

ఈ నెల పదహారున స్తంభం పీకుతారు. ఆలోపు పోయి వాళ్ళకు బంక సంగతి చెప్పాలి.

ఇట్లు,
నీ మామ సోమప్ప

తా.క.: "తప్పు నాదే, క్షమించండి" అని జర్మన్‌లో ఎట్లనాలో తిరుగు టపాలో రాయి. గంగాధరప్పతో చెప్పిస్తే పొద్దుగూకేలోపు చెన్నప్పకు తెలుస్తుంది. తెలుగులోనే చెప్పి చేతులు జోడించొచ్చు కదా అంటావేమో. ఆ మాట నాకు తెలుగులోనూ రాదు, మీ అత్తనడుగు.