అల్లుడి ఆరోగ్యం గురించి ఫోన్ వస్తే

అత్తయ్యగారూ,

ఉదయం 8:20. నేను ఇంటర్వ్యూకి బయల్దేరాను. కూర్చుని చేసే ఉద్యోగం, నా నడుము ఒప్పుకుంటుంది. పదకొండింటికి ఇక్కడి నిరుద్యోగ భృతి ఆఫీసు నుంచి ఆ తెలుగావిడ మళ్లీ ఫోన్ చేస్తారు. "ఇంటర్వ్యూకి వెళ్లారు, రెండింటికి మాట్లాడతారు" అనండి. అంతకు మించి వద్దు.

పోయిన సోమవారం ఆవిడ ఫోన్ చేస్తే, మీరు మీ మనవరాలు హంసికకి పెళ్లి సంబంధం వాళ్లనుకుని, "మా అల్లుడుగారికేమండీ, గుండ్రాయిలా ఉన్నారు, రోజూ ఆఫీసుకి వెళ్తారు" అన్నారు. ఉద్యోగం పోయినందుకు వచ్చే భృతీ, నడుము దెబ్బకు వచ్చేదీ, రెండూ ఆగాయి. వాటిని మళ్లీ మొదలుపెట్టాలో వద్దో ఈరోజు తేలుస్తారు.

పప్పు కుక్కర్‌లో ఉంది.

సుధాకర్

తా.క.: ఇరవై ఆరేళ్లలో మీరు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆవిడ మీ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఫైల్లో రాసుకున్నారు. కాపీ అడిగాను. నిన్న ఈమెయిల్‌లో వచ్చింది. ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను.