నాలుగు సౌండ్లూ, వంటింటి తలుపూ

చిన్నీ,

గిటార్‌కి రకరకాల సౌండ్లిచ్చే నా ఆంప్ మోడలర్, అదే అమ్మ భాషలో గోల డబ్బా, టేబుల్ మీద పెట్టాను. సాయంత్రం నీ మొదటి ప్రోగ్రాంకి అదే పట్టుకెళ్ళు. పైనున్న పెద్ద నాబ్ ముట్టుకోకు, అది అన్నిటినీ కలిపి పెంచేస్తుంది. అందులో నాలుగు సౌండ్లు పెట్టి ఉంచాను, ప్రతి సౌండ్‌కీ లోపల విడిగా లెవెల్ ఉంటుంది. ముందు గరగర లేని క్లీన్ సౌండ్ పెట్టుకుని, మిగతా మూడూ దానికి సమానంగా వినపడేదాకా తగ్గించు. మీటర్ గీతలు నమ్మకు. గరగరలాడే సౌండ్‌కి గీత తక్కువే లేస్తుంది, చెవికి మాత్రం రెట్టింపు తగులుతుంది.

ఇంత తెలిసిన మీ నాన్న పోయినసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గీతలన్నీ ఒకే ఎత్తుకి తెచ్చి, మహా మేధావిలా స్టేజీ ఎక్కాడు. పాట మొదట్లో నా గిటార్ ఉందో లేదో ఎవరికీ తెలీలేదు. సోలో దగ్గర గరగర సౌండ్‌కి మార్చే పెడల్ తొక్కగానే పాడేవాడు మైకు వదిలేసి చెవులు మూసుకున్నాడు. నువ్వూ మూసుకున్నావు, చూశాను.

అందుకని స్పీకర్‌లోనే గట్టిగా వాయించి చూసుకో. అమ్మ వంటింటి తలుపు ధడేలున వేస్తే లెవెల్ ఎక్కువైనట్టు. నాలుగు సౌండ్లకీ తలుపు తెరిచే ఉంటే సరిపోయినట్టు. ఇంతకంటే మంచి మీటర్ ఏ షాపులోనూ లేదు.

డ్యూటీ నుంచి నేరుగా వచ్చేస్తాను.

నాన్న

ఇంకో మాట. వెనక వరసలోంచి నేను "పెంచు, పెంచు" అని చెయ్యి ఊపుతాను. పట్టించుకోకు, పక్కనున్న అమ్మని చూడు. నా ఎడమ చెవి ఎప్పుడో డ్రమ్స్ వాడికి దానమిచ్చేశాను. పైగా నువ్వెంత గట్టిగా వాయించినా నాకింకా వినాలనే ఉంటుంది.