నెమలి వెలిగే వేళ

శుక్రవారం, రాత్రి

ఈరోజు కూడా నెమలి వెలగడం చూడలేకపోయాను. సర్కిల్లో ఆ ఇనుప నెమలిని నిలబెట్టి నెల దాటింది. పింఛం నిండా సోలార్ పలకలే. పగలంతా ఎండకు చార్జ్ అయి, చీకటి పడగానే దానంతటదే వెలుగుతుందట.

సాయంత్రం సర్కిల్లో అత్తమ్మ పూలు కొంటుంటే నేను దానివైపే చూస్తున్నాను. పూలామె కనిపెట్టింది.

"ఇంకో పది నిమిషాలుండక్కా, నీ కోడలు చూస్తాది."

"ఇంట్లో దీపం ఎవరు పెడ్తారప్పా? కోడలు రోడ్డులో నిలబడి దీపాలు చూస్తాదా?" అని అత్తమ్మ నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుని నడిచింది.

రోజూ ఇంతే. అది వెలిగే వేళకు నేను దేవుడి ముందు అగ్గిపుల్ల గీస్తూ ఉంటాను.

ఆయన్ని అడగాలని రెండు రోజులుగా మాటలు కూడదీసుకుంటున్నాను. అన్నం వడ్డిస్తూ, "ఒక సాయంత్రం నన్ను సర్కిల్ దగ్గరికి..." అన్నాను. అంతలోనే ఆయన ఫోన్ తీసి నెమలి ఫోటో చూపించారు. నీలం, ఆకుపచ్చ, చుట్టూ ఎంతమంది ఆడవాళ్లో.

"చూసేస్తివి కదా, ఇంక పోయే పనే లేదు."

బాగుందండీ అన్నాను. అలా ఎందుకన్నాను? రేపు మళ్లీ ఏమని అడగాలి?