హాలు అడిగిన ఆవిడ

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్న నా పీహెచ్‌డీ వైవా అయింది, డెలానీపూర్‌లో మన ఇంటి హాల్లోంచే, ఆన్‌లైన్‌లో.

సైబీరియా వైపు తుంగూసిక్ భాషలు ఎలా మారుతూ వచ్చాయో చెప్పాను. పాదాన్ని నానాయ్ వాళ్ళు 'పల్గన్' అంటే ఎవెంకీ వాళ్ళు 'హల్గన్' అంటారు. పాత 'ప' ఎవెంకీల నోట 'హ' అయింది.

పరీక్షకుడొకాయన, "ముందుమాటలోంచి పరిశోధనకి సంబంధం లేని మీ అమ్మగారి పాల కథ తీసేస్తేనే సంతకం పెడతాను" అన్నారు.

గుర్తుందా? ఊరికి కొత్తగా వచ్చిన కన్నడావిడ ఇంటి ముందున్న మన కొట్టుకొచ్చి "హాలు, హాలు" అంది. "ఆవో దీదీ, ఇదే మా హాలు, బైఠో" అని నువ్వు లోపలికి తెచ్చి కూర్చోబెట్టావు. టీ కోసం నువ్వు గిన్నెలో పాలు పోస్తుంటే చూసి, "హాలు!" అని ఆవిడ ఒకటే నవ్వు. మన పాలే వాళ్ళ హాలని ఆ రోజే తెలిసింది నాకు.

"తియ్యను సార్. నేను ఈ సూత్రం నేర్చుకున్నది ఇదే హాల్లో" అన్నాను.

సంతకం ఆగింది. ఆగనీ. మొదటి పేజీలో ఆవిడ కూర్చునే ఉంటుంది, నువ్వు టీ పెడుతూనే ఉంటావు.