యాంటెనాకు చుట్టిన జరీపోగు

అవ్వా,

నువ్వు పోయి ఏడాదైన ఈ శుభదినాన, శుభదినం అనకూడదేమో, నీ మనవడైన ఇంజనీరు విన్నవించుకునేది ఏమంటే:

నేను డిజైన్ చేసిన తొలి యాంటెనాను ఈ పొద్దు పెనుకొండ కార్ల ఫ్యాక్టరీలో కారుమీద పెట్టి పరీక్షించారు. యాక్సిడెంటైతే సాయం కోసం కారే ఫోన్ చేయాల. అందుకు సిగ్నల్ కావాల. రాలేదు. మళ్లీ చూసినా రాలేదు.

"ఏమప్పా, ఇంకొక్కసారి చూద్దాం. రాకుంటే నీ డిజైన్ పక్కన పెట్టేస్తాం" అన్నాడు మేనేజరు.

వైర్లన్నీ తడిమినా. చొక్కా తడిసిపాయ. అప్పుడు కనబడింది, యాంటెనా మొదట్లో పొద్దున నేనే చుట్టిన జరీపోగు. ధర్మవరంలో నీ మగ్గం మీద మిగిలిందే. కొత్త బండి ఏదొచ్చినా దిష్టి తగలకుండా నువ్వు కట్టేదానివి కదా! నీది అసలైన వెండిజరీ, కరెంటు ఇట్టే పారుతాది. దాని కొస కారు రేకుకు తగిలి సిగ్నల్‌ను ఆడికాడే మింగేసింది. ఇంజనీరుగారికి దిష్టి గుర్తుండాది గానీ వెండి గుర్తు రాలేదు.

విప్పినా. సిగ్నలొచ్చె.

"ఏందప్పా అది?" అన్నాడు మేనేజరు.

"మా అవ్వ, సార్."

ఆయన నా డిజైన్ కాగితం మీద 'పాస్' అని రాసినాడు.

రేపు ఆ కారు రోడ్డెక్కుతాది. పోగును స్టీరింగుకు కడతా. ఆడైతే నువ్వెంత గట్టిగా పట్టుకున్నా ఎవరికీ అడ్డం కావు.