దండచేతి గాజులు

మహబూబాబాద్,
ఆదివారం

ప్రియమైన అనితకు,

ఏమే, భూపాలపల్లిలో బొగ్గు దుమ్ము మింగుతూ నన్ను మరిచిపోయావా? ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నీ గొంతు విని నేనూ ఏడుస్తాను. కాగితమైతే ముక్కు తుడుచుకుని రాయొచ్చని జనగామలో ట్రైనింగ్ అయిపోయిన రోజు మనమే కదా అనుకున్నాం. అందుకే రాస్తున్నాను.

మా చిన్న దవాఖానలో రక్తం తీసే కుర్చీ ఇప్పుడు నా రాజ్యం. జబీన్ సూది పెడితే నొప్పే తెలియదని పేరు కూడా వచ్చింది. మొన్నటి దాకా.

మొన్న మీ లంబాడా అవ్వ ఒకామె వచ్చింది. కళ్లు, గోళ్లు తెల్లగా పాలిపోయాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రక్తం వెంటనే చూడాలన్నారు డాక్టరుగారు. దండచేతుల నిండా తెల్ల గాజులు, నేను రబ్బరు పట్టీ ఎక్కడ కట్టాలి? వెనక లైను పెరిగిపోతోంది. "అవ్వా, గీ గాజులు తియ్యి జర. వదులుగనే ఉన్నయ్ గద" అని నేనే ఒకటి కిందికి లాగబోయాను. చటుక్కున చేయి గుంజుకుంది. "తియ్య బిడ్డా" అంది. "మీ ఆయన ఏమంటడో అని భయమా? బయట కూసున్నడా? నేనే అడుగుత తియ్" అని నవ్వాను. ఆమె ఒకసారి తలుపు వైపు చూసి, లేచి వెళ్లిపోయింది. రక్తం ఇవ్వకుండానే!

గుడ్డమూట కూడా బెంచీ మీదే మరిచిపోయింది. మా రిసెప్షన్ స్వరూప బస్టాండ్ దాకా పరుగెత్తినా ఆమె దొరకలేదు. సాయంత్రం విప్పి చూస్తే జొన్నరొట్టెలు, నువ్వుల తొక్కు. పాడైపోతాయని తినేశాం, తిట్టుకో. కానీ ఆ గోళ్లు నా కళ్లముందు నుంచి పోవడం లేదు. ఒంట్లో రక్తమే లేని మనిషి ఎన్నాళ్లు నిలబడుతుంది? నేనన్న దాంట్లో తప్పేముందే?

నీ
జబీన్


భూపాలపల్లి,
గురువారం

జబీన్,

'ప్రియమైన' అని రాద్దామనుకున్నాను. పెన్ను కదల్లేదు.

ఆ గాజులను మా భాషలో బల్యా అంటాం. పెళ్లికి ఎక్కిస్తారు, భర్త పోతే తీస్తారు. మధ్యలో తీయడమనేది ఉండదు. మొగుడున్న ఆడదాన్ని నువ్వు నవ్వుతూ విధవ కమ్మన్నావు. నీకు తెలియదు, నిజమే. ట్రైనింగ్‌లో ఒకరి చేతులు ఒకరం పొడుచుకుని నేర్చుకున్నాం, మన చేతులకు ఆ గాజులు ఎక్కడున్నాయి?

ఇంకో మాట. ఆమె మూట మరిచిపోలేదు. జనగామలో నా టిఫిన్ డబ్బాలోంచి రోజూ ఎత్తుకు తినేదానివే, అదే తొక్కు. నీ కోసం నూరి తెచ్చింది. ఆమె పేరు రామి. మా అమ్మ.

మొదట నా దగ్గరికే వచ్చింది. రోజూ ఎంతమందికి సూది పెడతానో, అమ్మ చేయి పట్టుకునేసరికి సూది పక్కన పెట్టేశాను. నా వల్ల కాలేదు. "నువ్వు గాకపోతే నీ దోస్తు. తెలువనోళ్ల చెయ్యి నాకొద్దు" అంది. సరే, నీకు ముందే చెప్తానన్నాను. "వద్దు, రొట్టెలు చేతిల పెట్టి నేనే చెప్పుకుంట" అంది. నువ్వు చెప్పనిచ్చావా?

ఇప్పుడు ఏ దవాఖానకూ పోనంటోంది. ఫోన్‌లో మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతోంది. నాతో పనిచేసే ఆమె కాన్పు సెలవులో ఉంది, నాకు సెలవివ్వరు. పట్టీ మోచేతి కిందే కట్టు, చేతి వెనక నరం చూడు. గాజుల జోలికి పోకు. వెళ్తావా?

అనిత


మహబూబాబాద్,
మంగళవారం

నా అనితకు,

నీ ఉత్తరం చదివాక ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లారి డాక్టరుగారిని అడిగి సామాను సర్దుకుని, మీ తండాకు ఆటో నడిపే బీక్యాతో పోయాను. అమ్మ మంచంలో ఉంది. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. దారంతా ఎన్నో మాటలు కూర్చుకున్నాను. చివరికి "అమ్మా, తొక్కుల ఉప్పు జర ఎక్కువైంది" అన్నాను. ఇటు తిరిగింది. "ఎక్కువైతే మూటంత ఎట్ల తిన్నవే?" అంది. అప్పుడు ఏడ్చాను చూడు, ఆమే కొంగుతో నా కళ్లు తుడిచింది.

పట్టీ మోచేతి కింద కట్టాను. గాజులు జారి దాని మీద పడుతుంటే అమ్మే రెండో చేత్తో వాటిని పైకి పట్టుకుంది. పసిపిల్లలకు వాడే సన్న సూది తీశాను. మొదటిసారి నరం దొరకలేదు. నా పేరూ ప్రతిష్ఠా అక్కడే మట్టిలో కలిశాయి. "ఇంకోపారి చూడు బిడ్డా, నేనేడికి పోత" అంది. రెండోసారి వచ్చింది, నీళ్లలాంటి పలుచని రక్తం.

హిమోగ్లోబిన్ ఐదు కూడా లేదు. వెంటనే పెద్ద దవాఖానలో చేర్పించాం. రక్తం ఎక్కిస్తున్నారు, గండం తప్పిందన్నారు. పక్కనే ఉన్నాను, పరేషాన్ కాకు.

ఒక్కటి అడుగుతాను. మీ గడప పక్కన మగవాళ్ల చెప్పులు కడిగి పెట్టి ఉన్నాయి. నాయిన ఏడని అడిగితే "పనికి పోయిండు, వస్తడు" అంది అమ్మ. ఆయనకు కబురు చేయొద్దా? నంబరు పంపు.

తొక్కు దొంగ
జబీన్


భూపాలపల్లి,
సోమవారం

ప్రియమైన జబీన్‌కు,

ఈసారి పెన్ను దానంతటదే రాసింది. ఇన్ని వారాలూ నువ్వు ఫోన్‌లో అమ్మ కబుర్లన్నీ చెప్పావు. నువ్వు అడిగిన ఒక్కదానికి మాత్రం నేను జవాబివ్వలేదు.

నాయిన నంబరు లేదు. మా నాయిన మాన్‌సింగ్ నేను ఇంటర్ చదివేటప్పుడు బోరుబండి మీద పనికి పోయాడు. కర్ణాటకలో ఎక్కడో బండి దిగాడన్నారు. ఆ తరువాత జాడ లేదు. పోలీసులు కొన్నాళ్లు వెతికి వదిలేశారు. అమ్మ మాత్రం పనికి పోయాడనే అంటుంది. ట్రైనింగ్‌లో నీకు నేనూ అదే చెప్పాను.

గాజులు తియ్యమని తండా పెద్దలు చెప్పారు, మా మేనమామ కూడా తియ్యమనే పోట్లాడాడు. తీస్తే ఆయన పోయినట్టు, ఉంచుకుంటే ఎక్కడో ఉన్నట్టు. అమ్మకు తెలిసింది అంతే. ఆ రోజు నువ్వు "బయట కూసున్నడా" అన్నప్పుడు తలుపు వైపు చూసిందని రాశావు కదా. ఒక్క క్షణం నిజంగానే వచ్చి కూర్చున్నాడేమో అనుకుందట. నాతో చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గాజులు తియ్యమన్నవాళ్లలో నువ్వూ ఒకదానివి. కానీ మళ్లీ వచ్చి, వాటిని ఉండనిచ్చి, ఆమెను బతికించుకున్నది నువ్వొక్కదానివే. నీ రుణం ఎట్లా తీరుతుందే?

నిన్న సెలవు దొరికితే తండాకు పోయాను. అమ్మ నీ కోసం తొక్కు నూరుతోంది, ఉప్పు తగ్గించిందట. కూర్చోబెట్టి కళ్లు చూశాను, గోళ్లు చూశాను, ఎర్రబడ్డాయి. "గవన్ని ఏం జూస్తవ్? దండచేతులు నొస్తున్నయ్, గాజులు బిగుసుకపోయినయ్" అని విసుక్కుంది. మొన్నటి దాకా వదులుగా జారే గాజు కింద వేలు పెట్టి చూశాను. దూరలేదు. సంతోషం పట్టలేక అమ్మ ఒళ్లో పడి ఏడ్చాను జబీన్.

ఎప్పటికీ నీ
అనిత